నల్ల తెర చూసి ఫార్మాట్ కొట్టియ్యకు చెల్లె

లాప్‌టాప్ ఆన్ చేస్తె నల్ల తెర మీద తెల్లగ రెండు లైన్లు వచ్చి ఆన్నే ఆగిపోయిందా చెల్లె? ముందుగాల పవర్ బటన్ మీదికెళ్లి వేలు తియ్యి. ఊకె బంద్ చేసుడు, ఊకె ఆన్ చేసుడు వద్దు. ఆ రెండు లైన్లు ఫోన్‌తోని ఫోటో తీసిపెట్టుకో. నీ ఫైళ్లు చానా మట్టుకు ఎక్కడియి అక్కడ్నే ఉంటయి. అవి పోయేది తెర నల్లబడ్డందుకు కాదు, తెర నల్లబడ్డదని భయపడి మనం చేసే పనులకు.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటె, మన దిక్కు చానా ఇండ్లల్ల ఒక్కటే లాప్‌టాప్ ఉంటది. నాయిన భూమి కాయిదాల స్కానులు అండ్లనే, అన్న సినిమాలు అండ్లనే, నీ డిగ్రీ రికార్డు, ప్రాజెక్టు అండ్లనే. అది లేవలేదంటె ఇంట్ల అందరి చూపు నీ మీదికే తిరుగుతది. "నువ్వే ఏందో నొక్కినవ్" అంటరు. నొక్కలేదని చెప్పెటందుకు నీకు నోరు రాదు, ఎందుకంటె ఏమైందో నీకు గూడ తెల్వది. రిపేరు దుకాణానికి తీస్కపోతె ఆయన తెర దిక్కు ఒక్కసారి చూసి "ఫార్మాట్ కొట్టాలె" అంటడు. ఆయనకది రోజూ చేసే పని. నీకేమో మూడేండ్ల చదువు, అక్క పెండ్లి ఫోటోలు, అన్నీ ఒక్కసారే తుడ్సుకపోతయి. నాకు కడుపుల మండేది గిక్కడనే. పిల్ల ఒక్క గంట ఓపికతోని చూసుకుంటె మిగిలే సొమ్ము అది.

నేను చెప్పేది విండోస్, లినక్స్ రెండూ ఉన్న మిషన్ల సంగతి. "అసలు ఒక మిషన్ల రెండు సిస్టమ్‌లెందుకు, ఒక్కటి సాలదా" అని అమ్మ అడుగుతది. సాలదు. చిట్యాలల డీటీపీ పని చేసే పిల్లలను అడుగు. పెండ్లి కార్డు కొట్టాలన్నా, ఫ్లెక్సీ డిజైన్ చెయ్యాలన్నా అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉండాలె. అవి విండోస్ మీద నడిచేటియి. ట్యాలీ గూడ అంతే. పగలు డీటీపీ సెంటర్ల కూసోని, పొద్దుమీకినంక డిగ్రీ పాఠాలు చదువుకునే పిల్లకు సీ, పైథాన్ ల్యాబులకేమో లినక్స్ అయితె మంచిగుంటది. దానికి తోడు 2025 అక్టోబర్ 14 నాడు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాల్నంటె టీపీఎం 2.0 అనే భద్రత ఏర్పాటు ఉండాలె, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపు ఎనిమిదో తరం నుంచి పైది ఉండాలె. మన ఇండ్లల్ల ఉన్న చానా లాప్‌టాప్‌లు అంతకంటె పాతయి. మంచిగ పనిచేసే మిషన్‌ని పారేస్తమా? పక్కపొంటి లినక్స్ రకాలల్ల ఉబుంటునో మింటునో వేసుకున్నవంటె నువ్వు తెలివైన పనే చేసినవ్. ఇది ఎక్కడ్నో పరాయి దేశపోళ్లకే చేతనయ్యే విద్య గూడ కాదు. మన హైదరాబాద్‌ల స్వేచ్ఛ వాళ్లు 2005లనే తెలుగుల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిండ్రు. మెనూలన్నీ తెలుగుల. నీ అసొంటి కాలేజీ పిల్లలే చానామంది ఆ పనిల చెయ్యి వేసిండ్రు.

ఇగ అసలు సంగతి. బటన్ నొక్కినంక లోపట ఏమైతదో ఒక్కసారి మనసుల పెట్టుకుంటె సగం భయం పోతది. మదర్‌బోర్డు మీద యూఈఎఫ్ఐ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటది, పాత మిషన్లల్ల దాని జాగల బయాస్ ఉండేది. ముందు లేచేది అదే. ర్యాము ఉన్నదా, కీబోర్డు ఉన్నదా, డిస్కు ఉన్నదా అని చూసుకుంటది. తర్వాత డిస్కుల ఈఎఫ్ఐ పార్టిషన్ అని ఒక చిన్న జాగకు పోతది. విండోస్ తనంతట తాను చేసుకున్నప్పుడు చానా మిషన్లల్ల అది 100 ఎంబీ మాత్రమే, మై కంప్యూటర్ల కనబడనే కనబడది. అండ్ల విండోస్‌కు ఒక ఫోల్డర్, ఉబుంటుకు ఒక ఫోల్డర్ ఉంటయి. ఎవలు ముందు లేవాల్నో వరుస మదర్‌బోర్డుల రాసి ఉంటది. వరుసల ఉబుంటు ముందుంటె గ్రబ్ లేస్తది. "లినక్స్‌కు పోతవా, విండోస్‌కు పోతవా" అని అడిగే మెనూ ఆ గ్రబ్‌దే.

మన చిట్యాల చౌరస్తనే అనుకో. ఒక దారి హైవే మీద నార్కట్‌పల్లికి, ఇంకొకటి భువనగిరికి. దారి చూపే బోర్డు ఎవడో పీకేసిండని భువనగిరి మాయమైతదా? గ్రబ్ ఆ బోర్డు. అది చెడిపోయిందంటె దారి చూపేది చెడిపోయింది, అంతే. విండోస్ ఉన్న జాగల విండోస్ ఉంటది, లినక్స్ ఉన్న జాగల లినక్స్ ఉంటది.

అందుకే, లేవని లాప్‌టాప్‌ను "ఏమైంది" అని అడగకు చెల్లె, "ఎక్కడ ఆగింది" అని అడుగు. కంపెనీ లోగో గూడ రాకుండ ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటె అది ఆపరేటింగ్ సిస్టమ్ పంచాయితీ కానే కాదు, ర్యామో తెరనో చూడాలె. లోగో వచ్చి, మెనూ లేకుండ సక్కగ విండోస్ వచ్చిందనుకో, సంబురపడు, అన్నిట్లకు అల్కటిది గిదే. విండోస్ పెద్ద అప్‌డేట్ చేసుకున్నప్పుడు వరుసల తన పేరు ముందుకు జరుపుకోవచ్చు. మిషన్ ఆన్ చేసుడుతోనే ఎఫ్2నో, ఎఫ్10నో, ఎఫ్12నో, డిలీట్‌నో నొక్కుకుంట ఉండు. కంపెనీకో బటన్ ఉంటది. బూట్ ఆర్డర్ అన్న కాడ ఉబుంటును మీదికి జరిపి సేవ్ చేసి బయటికి రా. ఏం ఇన్‌స్టాల్ చేసేది లేదు, ఏం తుడిచేది లేదు.

గ్రబ్ మెనూ వచ్చింది గని అండ్ల విండోస్ పేరు లేకపోతె గుండె ఆగినంత పనైతది. నాయిన మీద పడ్తడని, అన్న తిడ్తడని. ఆగు. 2021ల వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ అనే పనిమంతున్ని మొదట్నించే పండబెట్టి ఇస్తున్నరు. విండోస్ ఉన్నది, వెతికేటోడు నిద్రవోతుండు. లినక్స్‌లకు పోయి, ఈటీసీ ఫోల్డర్ల డీఫాల్ట్ అన్న దాంట్ల గ్రబ్ అనే ఫైల్ తెరువు. గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న లైన్ ఉంటది, పదాల నడుమ కింది గీతలు ఉంటయి. దానికి ముందు హ్యాష్ గుర్తు ఉంటె తీసెయ్యి, చివరికి ఫాల్స్ అని పెట్టు. లైన్ లేకపోతె నువ్వే రాయి. ఇగ టెర్మినల్ల సుడో అప్‌డేట్-గ్రబ్ అని కొట్టు. విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని తెర మీద లైన్ వస్తె అయిపోయినట్టే.

ఇగ మా చిన్నమ్మ బిడ్డ ముచ్చట చెప్త, ఎందుకంటె అందరిని ఎక్కువ ఏడిపించేది ఆమెకు వచ్చిన అసొంటి తిప్పలే. పరీక్షల ముందు ఫోన్ చేసింది. "అక్కా, లినక్స్ పోయిందక్కా. తమ్ముడు గేమ్ ఎక్కించుకుంటనని జాగ ఖాళీ చేసిండట. ఇప్పుడు గ్రబ్ రెస్క్యూ అని వచ్చి ఆగుతున్నది. నా ప్రాజెక్టు మొత్తం అండ్లనే ఉన్నది." ఏడ్సుకుంటనే చెప్పింది. పోరడు చేసింది ఏందంటె, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ల లినక్స్ పార్టిషన్‌కు పేరు లేదు, డ్రైవ్ అక్షరం లేదు. ఉత్తగనే ఉన్నదనుకొని డిలీట్ కొట్టిండు. అది ఉత్త జాగ కాదని విండోస్ వానికి చెప్పదు. వాన్ని తిట్టి ఏం లాభం, చూస్తె ఎవలికైనా గట్లనే కనబడ్తది.

నేను అడిగిన మొదటి మాట: "డిలీట్ చేసినంక ఆ జాగల కొత్త డ్రైవ్ చేసిండా?" లేదన్నది. గేమ్ ఎక్కలేదు, ఎక్కకముందే మిషన్ రీస్టార్ట్ అయింది. నాకు పానం లేచొచ్చింది. పార్టిషన్ డిలీట్ చేసుడంటె, డిస్కుల ఉన్న పట్టికల నుంచి ఆ పార్టిషన్ ఏడ మొదలు, ఏడ ఆఖరు అన్న లెక్క కొట్టేసుడు. లోపటి ఫైళ్లు ఆన్నే ఉంటయి, మీద కొత్తగ ఏదన్న రాసేదాక. "ఆ మిషన్ల ఇగ ఎవ్వలు ఏం చెయ్యొద్దు, తమ్మునికి గూడ చెప్పు" అన్న.

తెల్లారి డీటీపీ సెంటర్ల ఇంకో కంప్యూటర్ మీద రూఫస్ అనే ప్రోగ్రాంతోని ఉబుంటు పెన్‌డ్రైవ్ చేసినం. లాప్‌టాప్‌ల పెట్టి, బూట్ మెనూల యూఈఎఫ్ఐ అని ముందు ఉన్న పేరు ఎంచుకున్నం. ఒకే పెన్‌డ్రైవ్ కొన్ని మిషన్లల్ల రెండు పేర్లతోని కనబడ్తది. నీ సిస్టమ్ ఏ పద్ధతిల ఎక్కిందో పెన్‌డ్రైవ్ గూడ గదే పద్ధతిల లేవాలె, గీ ఒక్కటి మర్చిపోవద్దు. ఇన్‌స్టాల్ అన్న బటన్ జోలికి పోకుండ ట్రై ఉబుంటు అన్నం. టెస్ట్‌డిస్క్ అని ఉచితంగ దొరికే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని నడిపినం. డిస్కు ఎంచుకున్నం, అనలైజ్ అన్నం, క్విక్ సెర్చ్ అన్నం. కొద్దిసేపటికి లినక్స్ అని ఒక లైన్ వచ్చింది. దాని మీద పెట్టి పీ అన్న అక్షరం నొక్కితె లోపటి ఫోల్డర్ల పేర్లు కనబడ్తయి. హోమ్, దాని లోపట ఆమె పేరు, ఇంకా లోపటికి పోతె ప్రాజెక్టు, రికార్డు, హాల్ టికెట్ అని ఆమె పెట్టుకున్న పేర్లే. నా చెయ్యి పట్టుకొని పిసికింది పిల్ల.

అప్పటికి గూడ రైట్ అన్న బటన్ నొక్కలేదు. ముందు ప్రాజెక్టు ఫోల్డర్‌ను ఆన్నుంచే ఇంకో పెన్‌డ్రైవ్‌లకు కాపీ చేసినం. తర్వాతనే రైట్ కొట్టి పట్టిక తిరిగి రాసినం. రీస్టార్ట్ చేస్తె గ్రబ్ మెనూ ఎప్పటిలెక్కనే వచ్చింది, ఎందుకంటె గ్రబ్ ఆ పార్టిషన్‌ను దాని లోపట ఉన్న గుర్తింపు నంబర్‌తోని వెతుక్కుంటది, ఆ నంబర్ చెక్కుచెదరలే. ఇదే మిషన్ దుకాణానికి పోయి ఫార్మాట్ అయి కొత్త విండోస్ ఎక్కి ఉంటె మాత్రం ఎవలు ఏం చేసేటోళ్లు కాదు.

పార్టిషన్ ఉన్నా కొన్నిసార్లు గ్రబ్ రెస్క్యూ వస్తది. అప్పుడు అక్కడ ఎల్‌ఎస్ అని కొట్టు, డిస్కు ముక్కల పేర్లు బ్రాకెట్లల్ల వస్తయి. ఒక్కొక్క దాని పేరు చివర ఏటవాలు గీత పెట్టి ఎల్‌ఎస్ కొట్టుకుంట పో, బూట్ అన్న ఫోల్డర్ దేంట్ల ఉన్నదో గది నీ లినక్స్. సెట్ రూట్ అని, సమానం గుర్తు పెట్టి దాని పేరు, సెట్ ప్రిఫిక్స్ అని, సమానం గుర్తు పెట్టి దాని పేరుతోపాటు బూట్, గ్రబ్ అన్న దారి, తర్వాత ఇన్స్‌మాడ్ నార్మల్, ఆఖరికి నార్మల్. మెనూ వస్తది. లోపటికి పోయినంక సుడో గ్రబ్-ఇన్‌స్టాల్, సుడో అప్‌డేట్-గ్రబ్ కొడితె మళ్లీ రాదు. ఇంత కొట్టుడు కష్టమనిపిస్తె, ఇన్‌స్టాల్ చెయ్యకుండ నడిపే మింట్ లైవ్ పెన్‌డ్రైవ్‌ల బూట్-రిపేర్ అని ఉంటది, ఉబుంటు దాంట్ల అయితె విడిగ ఎక్కించుకోవాలె, అండ్ల రికమెండెడ్ రిపేర్ అన్నది ఒక్కటి నొక్కితె చానా మటుకు అదే సూసుకుంటది. నొక్కేముందు ఫైళ్లు కాపీ తీసుకో.

నీ తప్పు లేకుండ గూడ ఇట్లయితది, దానికి ఒక రుజువు చెప్త. 2024 ఆగస్టు 13 నాడు విండోస్‌కు ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. గ్రబ్‌ల ఉన్న పాత లోపాన్ని వాడుకొని దొంగ ప్రోగ్రాములు దూరకుండ, పాత బూట్‌లోడర్లను యూఈఎఫ్ఐల ఉండే సెక్యూర్ బూట్ అనే కావలి ఆపాలెనని దాని ఉద్దేశం. రెండు సిస్టమ్‌లు ఉన్న మిషన్లకు ఇది అంటుకోదని మైక్రోసాఫ్ట్ ముందు చెప్పింది. గని అంటుకున్నది. ప్రపంచంల ఎక్కడెక్కడ్నో లినక్స్‌ను ఎంచుకుంటె "సంథింగ్ హ్యాజ్ గాన్ సీరియస్‌లీ రాంగ్" అని ఒక లైన్ వచ్చి మిషన్ బంద్ పడ్డది. దాంతోపాటు ఎస్‌బీఏటీ అన్న నాలుగక్షరాలు, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అన్న మాట. అసొంటి మాట చదివితె ఏ పిల్లకైనా తనే ఏదో ఘోరం చేసిన్ననిపిస్తది. ఎవ్వలు ఏం చెయ్యలే. పూర్తి మందు 2025 మే నెల అప్‌డేట్లల్ల గని రాలేదు. ఇప్పటికీ పాత లినక్స్‌తోని ఆ లైన్ కనబడితె, యూఈఎఫ్ఐ సెట్టింగుల్ల సెక్యూర్ బూట్ కొద్దిసేపు ఆపు, లినక్స్‌లకు పోయి సుడో మోక్‌యుటిల్, ఖాళీ, రెండు చిన్న గీతలు పెట్టి సెట్-ఎస్‌బీఏటీ-పాలసీ, ఖాళీ, డిలీట్ అని కొట్టు. రీస్టార్ట్ చేసి మళ్లొకసారి లినక్స్‌లకే పో. తర్వాత లినక్స్ అప్‌డేట్లన్నీ చేసుకొని, సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చెయ్యి. ఆపి అట్లనే ఇడిచిపెట్టకు.

సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు ఇంకొకటి చూసుకోవాలె, ఇది మర్చిపోతె నిజంగనే తిప్పలు. కొత్త లాప్‌టాప్‌లల్ల చానావరకు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ నీకు చెప్పకుండనే ఆన్ అయి ఉంటది. బూట్ సెట్టింగ్ మారంగనే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతది. కీ లేకపోతె విండోస్ దిక్కు ఉన్నదంతా తాళం లోపటే ఉంటది, నేనే కాదు ఎవ్వలూ తియ్యలేరు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయి ఉంటె ఆ అకౌంట్ల డివైజ్‌ల కాడ ఆ కీ ఉంటది. ఇయ్యాల్నే చూసి కాయిదం మీద రాసిపెట్టుకో, ఫోటో తీసి అదే లాప్‌టాప్‌ల పెట్టుకునేవు! లాప్‌టాప్ అన్న పేరు మీద ఉన్నదా, అకౌంట్ దుకాణపోడు చేసిండా, అది గూడ అడుగు. మన ఇండ్లల్ల ఆడపిల్ల వాడే మిషన్‌కు అకౌంట్ ఇంకెవలి పేరు మీదనో ఉండుడు నేను చానా చూసిన. పాస్‌వర్డ్ నీ చేతుల లేకపోతె మిషన్ నీ చేతుల లేనట్టే.

చిన్నయి రెండు మూడు చెప్పి ఇడిచిపెడ్త. లినక్స్‌ల కూసున్నప్పుడు విండోస్ డ్రైవ్ తెరుచుకుంటది గని అండ్ల ఏం రాయనియ్యదా? అది ఫాస్ట్ స్టార్టప్ పని. విండోస్ షట్‌డౌన్ అన్నా పూర్తిగ పండుకోదు, సగం నిద్రల ఉంటది. కంట్రోల్ ప్యానెల్ల పవర్ ఆప్షన్స్‌కు పోయి దాన్ని తీసెయ్యి. లినక్స్ నుంచి విండోస్‌కు పోతె పొద్దుగాల పది గంటలు నాలుగున్నర లెక్క కనబడ్తదా? ఆ అయిదున్నర గంటల తేడా మన దేశం టైముది, లినక్స్ గడియారంల యూటీసీ అనే ప్రపంచ టైము లెక్క రాస్తది, విండోస్ అదే మన టైమనుకుంటది. లినక్స్‌ల టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్-లోకల్-ఆర్టీసీ, ఖాళీ, ఒకటి అని కొడితె రెండూ ఒక్క మాట మీద ఉంటయి. డెస్క్‌టాప్ అయితె, తారీఖు ఎప్పటిదో ఏండ్ల కిందిది చూపించి నో బూటబుల్ డివైజ్ అంటున్నదా? మదర్‌బోర్డు మీద బొత్తాం అంత సెల్లు ఉంటది, సీఆర్ 2032 అంటరు, మూడు వోల్టులు, వంద రూపాయల లోపే దొరుకుతది. అది చచ్చిపోతె బూట్ సెట్టింగులన్నీ మొదటికొస్తయి.

ఎండకాలం గాలిదుమారంల కరెంటు తప్పున పోతది గద. పని నడుమ కరెంటు పోయినంక ఆన్ చేస్తె ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అని బ్రాకెట్ల వచ్చి ఆగుతది చూడు, లినక్స్ తన ఫైళ్ల లెక్క తప్పిందని ఆగింది. పైన ఏ పార్టిషన్ పేరు రాసిందో చూసి, ఎఫ్ఎస్‌సీకే అని, చిన్న గీత వై అని, ఆ పేరు కొట్టు. అయిపోయినంక ఎగ్జిట్ అను. డెస్క్‌టాప్ వాడే ఇంట్ల యూపీఎస్ కొనుమని నాయినకు చెప్పు, మొహమాటపడకు.

ఒక్కసారి మాత్రం నీ చెయ్యి వెనక్కి తీసుకోవాలె. హార్డ్ డిస్కు లోపట్నుంచి టక్కు టక్కుమని చప్పుడు వస్తున్నా, ఎఫ్ఎస్‌సీకే కొట్టినప్పుడల్లా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని వస్తున్నా, అది బూట్ సంగతి కాదు, డిస్కు చావుబతుకుల మీద ఉన్నది. రిపేరు కమాండ్లు కొడితె ఇంకా తొందరగ పోతది. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి ముఖ్యమైన ఫోల్డర్లు ఒక్కసారి కాపీ తీసే ప్రయత్నం చెయ్యి. చప్పుడు ఎక్కువైతె అది గూడ ఆపి మిషన్ బంద్ పెట్టు. దుకాణానికి పోయినప్పుడు ఆయన రిసీటు రాస్తడు గద, అండ్ల "డేటా తియ్యాలె, ఫార్మాట్ చెయ్యొద్దు" అని నీ కండ్ల ముందట రాయించుకో. రాయనంటె ఇంకో దుకాణం చూడు చెల్లె.